నోట్‌ప్యాడ్‌కు కొత్త నగలు

విండోస్ కంప్యూటర్ కొన్న రోజు నుంచే, అడగకపోయినా అందులో ఉండే సాఫ్ట్‌వేర్ నోట్‌ప్యాడ్. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా నేర్చుకోరు, ఎవరూ నేర్పరు. ఫోన్‌లో చెబుతున్న అకౌంట్ నంబరు రాసుకోవాలన్నా, పెళ్లి కార్డు మ్యాటర్ కాసేపు ఎక్కడైనా పెట్టాలన్నా, రేపు పంపాల్సిన మెయిల్ చిత్తు రాసుకోవాలన్నా అదే. రాసిపెట్టుకోకూడని పాస్‌వర్డులు కూడా చాలా ఇళ్లలో అందులోనే ఉంటాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మొదటి ప్రోగ్రామ్ టైప్ చేసింది ఇందులోనే. సేవ్ చేస్తే 'హలో డాట్ జావా' కాస్తా 'హలో డాట్ జావా డాట్ టీఎక్స్‌టీ' అయిపోయి, కంపైలరేమో అలాంటి ఫైలే లేదు పొమ్మంటే, అరగంట సేపు జుట్టు పీక్కున్నదీ ఇందులోనే.

అలాంటి నోట్‌ప్యాడ్ 2018 నుంచి మారినంతగా అంతకు ముందు ముప్పై ఏళ్లలో మారలేదు. ట్యాబులు వచ్చాయి, అడగకుండానే దాచిపెట్టడం వచ్చింది, స్పెల్లింగ్ దిద్దడం వచ్చింది, బోల్డూ ఇటాలిక్కూ వచ్చాయి, చివరికి కృత్రిమ మేధ కూడా వచ్చి కూర్చుంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి 'పాతదే బాగుండేది' అనేయడం తేలికే. కానీ అది సరికాదు. వీటిలో కొన్ని తెలుగు రాసేవాళ్లకు చాలా ఆలస్యంగా అందిన మేలు. మరికొన్ని మాత్రం, నోట్‌ప్యాడ్ ఎందుకు నచ్చేదో ఆ కారణాన్నే మెల్లగా తీసేస్తున్నాయి.

ఆ కారణం చిన్నదే. నోట్‌ప్యాడ్‌లో ఏం టైప్ చేస్తే ఫైల్లో అదే ఉంటుంది, అంతకు మించి ఇంకేమీ ఉండదు. వర్డ్ ఫైల్లో అక్షరాలతో పాటు ఫాంటు, రంగు, సైజు, మార్జిన్లు, ఎవరు ఎప్పుడు మార్చారన్న వివరాలు బోలెడు ఉంటాయి. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసిన పేరాలో కంటికి కనపడని లింకులు, బ్యాక్‌గ్రౌండ్ రంగులు వెంటబడి వస్తాయి. డీటీపీ చేసేవాళ్లు, వార్తలు దిద్దేవాళ్లు, ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు అందరూ వాడే చిట్కా ఒకటుంది. ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయడం, అక్కడి నుంచి మళ్లీ కాపీ చేయడం. చెత్తంతా పైన ఉండిపోయి అక్షరాలు మాత్రం కిందికి దిగుతాయి. అది ఎడిటర్‌గా కంటే జల్లెడగా ఎక్కువ పనికొచ్చింది. జల్లెడ గొప్పతనం దాని బొక్కల్లోనే ఉంటుంది కదా.

దీని పుట్టుక 1983. మౌస్‌తో నడిచే చిన్న ఎంఎస్-డాస్ ప్రోగ్రామ్‌గా మొదలై, 1985 నవంబరులో విండోస్ మొదటి వెర్షన్‌తో పాటే బయటికొచ్చింది. విండోస్ 95, 98 రోజుల్లో 64 కేబీ దాటిన ఫైలు ఇస్తే, ఇది నా వల్ల కాదు, వర్డ్‌ప్యాడ్‌లో తెరవమంటావా అని అడిగేది. కంట్రోల్ జెడ్ ఒకసారి కొడితే చివరి పని రద్దయ్యేది, రెండోసారి కొడితే రద్దయిన పని తిరిగొచ్చేది. అంతకు వెనక్కి పోయే దారి లేదు. ఫైలు మొదటి వరుసలో చుక్క పెట్టి 'లాగ్' అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి సేవ్ చేస్తే, ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర తేదీ, టైమ్ దానంతట అదే పడేది. ఎఫ్5 నొక్కినా తేదీ పడుతుంది. ఇప్పటికీ చాలామందికి తెలియని సదుపాయాలివి. డైరీ రాసుకునేవాళ్లకు ఇంతకు మించి ఏం కావాలి?

ఇక తెలుగు సంగతి. కొత్త నోట్‌ప్యాడ్ మీద జరిగే చర్చల్లో దీన్ని ఎవరూ ఎత్తరు గానీ, మనకు అసలు మార్పు ఇక్కడే జరిగింది.

అక్షరాలను ఫైల్లో దాచుకోవడానికి విండోస్‌లో ఆన్సీ అనే పాత పద్ధతి ఉండేది. ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు. ఇంగ్లీషుకు, యూరప్ భాషలకు, రష్యన్‌కు, అరబిక్‌కు ఇందులో వేర్వేరు పట్టికలుండేవి. తెలుగుకు అలాంటి పట్టిక విండోస్ ఎప్పుడూ ఇవ్వలేదు. తెలుగు విండోస్‌లోకి నేరుగా యూనికోడ్‌తోనే, అంటే అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే ఉమ్మడి పట్టికతోనే వచ్చింది, ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు రూపంలో. అది కూడా ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టులకు టిక్కు పెట్టి, అడిగినప్పుడు విండోస్ సీడీ పెడితే గానీ గుణింతాలు, ఒత్తులు వాటి వాటి చోట్ల కూర్చునేవి కావు. తరవాత విండోస్ 7లో వాణి, విండోస్ 8లో నిర్మల వచ్చాయి. నోట్‌ప్యాడ్ మాత్రం సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే మొదటి పద్ధతి ఆన్సీయే. తెలుగుకు చోటే లేని పట్టిక అది.

దాని ఫలితం చూడాలంటే, 2000ల నాటి తెలుగు బ్లాగరుని ఒకసారి ఊహించుకుంటే చాలు. లేఖిని తెరిచి ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తే తెలుగు వచ్చింది. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టారు. కంట్రోల్ ఎస్ కొట్టారు. ఒక పెట్టె వచ్చింది: ఇందులో యూనికోడ్ అక్షరాలున్నాయి, ఇలాగే సేవ్ చేస్తే అవి పోతాయి అని. ఏ పెట్టె వచ్చినా ఓకే కొట్టడం మనకు అలవాటు. ఓకే కొట్టారు. కిటికీలో తెలుగు అలాగే కనిపిస్తోంది, ఏమీ కాలేదులే అనుకున్నారు. మర్నాడు తెరిస్తే, తెలుగు అక్షరాలున్న చోటల్లా ప్రశ్నార్థకాలు. సేవ్ చేసే పెట్టెలో అట్టడుగున 'ఎన్‌కోడింగ్' అని చిన్న పట్టీ ఉంటుందని, అందులో యూనికోడ్‌ను ఫైల్లో రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8 ఎంచుకోవాలని దెబ్బ తిన్నాకే తెలిసేది.

ఈ ప్రశ్నార్థకాలకు మందు లేదు. 'తెలుగు' అనే మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆన్సీలో సేవ్ చేస్తే ఆ ఆరింటి స్థానంలో ఆరు ప్రశ్నార్థకాలు రాసేస్తుంది. ఏ ప్రశ్నార్థకం ఏ అక్షరమో చెప్పే ఆనవాలు ఫైల్లో మిగలదు. దీనికీ, తెలుగు చూద్దామని తెరిస్తే పిచ్చి పిచ్చి గుర్తులు కనిపించడానికీ చాలా తేడా ఉంది. రెండోది ప్రమాదం కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. వాటిని పశ్చిమ యూరప్ పట్టికతో చదివితే మొదటి బైటు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ'లా, రెండోది డిగ్రీ గుర్తులాగో ప్లస్-మైనస్ గుర్తులాగో కనిపిస్తాయి. హల్లులన్నీ డిగ్రీ గుర్తు వైపు, కొమ్ములూ ఎత్వాలూ ప్లస్-మైనస్ వైపు పడతాయి. నెత్తిన గీత ఉన్న 'ఏ'లు పేజీ నిండా వరుసకట్టి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అక్షరాలు లోపల భద్రంగానే ఉన్నాయి, చదివే పట్టిక తప్పింది, అంతే. ప్రశ్నార్థకాలు కనిపిస్తేనే ఏడవాలి.

2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌లో నోట్‌ప్యాడ్ ఈ పద్ధతిని మార్చుకుంది. కొత్త ఫైలు ఏదైనా యూటీఎఫ్-8లోనే సేవ్ అవుతుంది. ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో కింద పట్టీలో కనిపిస్తుంది. సేవ్ చేయని మార్పులుంటే పైన ఫైలు పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు పడుతుంది. అదే అప్‌డేట్‌లో పది భారతీయ భాషలకు ఫొనెటిక్ కీబోర్డులు కూడా వచ్చాయి, అందులో తెలుగు ఒకటి. అంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కొడితే నేరుగా తెలుగు పడటం, పడిన తెలుగు చెడకుండా సేవ్ కావడం, రెండూ ఒకే నెలలో, ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయకుండా దొరికాయి. ఇంత పెద్ద విషయానికి మన దగ్గర పెద్దగా సందడి జరగలేదు. కనపడని మార్పులకు పూలదండలు వేసేదెవరు?

ఇందులో ఒక మెలిక మాత్రం ఉంది. యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో 'ఇది యూటీఎఫ్-8' అని చెప్పే మూడు బైట్ల గుర్తు ఒకటి పెట్టొచ్చు, బామ్ అంటారు. పాత నోట్‌ప్యాడ్ దాన్ని తప్పనిసరిగా పెట్టేది. వెబ్‌సైట్లు రాసేవాళ్లకు అది తలనొప్పి, ఎందుకంటే పీహెచ్‌పీ ఫైలు మొదట్లో ఆ మూడు బైట్లుంటే పేజీలు వింతగా విరిగేవి. కొత్తది పెట్టడం మానేసింది, మంచిదే. కానీ కామాలతో విడగొట్టిన తెలుగు పేర్ల జాబితాని సీఎస్‌వీగా సేవ్ చేసి డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లో తెరిస్తే, ఆ గుర్తు లేని పాపానికి నెత్తిన గీత ఉన్న 'ఏ'లు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. స్కూళ్లలో, ఆఫీసుల్లో జాబితాలు చేసేవాళ్లు సేవ్ యాజ్‌లోకి వెళ్లి 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే సరిపోతుంది.

ఎన్‌కోడింగ్‌ను ఊహించాల్సి వస్తే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. ఎక్స్‌పీ రోజుల్లో నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషులో 'బుష్ హిడ్ ద ఫ్యాక్ట్స్' అని రాసి, సేవ్ చేసి మళ్లీ తెరిస్తే చైనీస్ అక్షరాలో ఖాళీ డబ్బాలో వచ్చేవి. అమెరికా అధ్యక్షుడి మీద కుట్ర అని ఇంటర్నెట్ అంతా ఊగిపోయింది. జరిగింది వేరు. ఆ వాక్యంలో 18 బైట్లున్నాయి. ఆన్సీ అనుకోవాల్సిన వాటిని నోట్‌ప్యాడ్ రెండేసి బైట్ల యూనికోడ్ అనుకుంది, తొమ్మిది చైనీస్ అక్షరాలుగా చూపించింది. అదే అమరికతో వేరే మాటలు రాసినా ఇలాగే జరిగేది. విస్టాలో సరిచేశారు. 'తెలుగు' అనే మాట కూడా యూటీఎఫ్-8లో సరిగ్గా 18 బైట్లే. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే చెప్పుకోవడానికి బాగుంది.

అనూ ఫాంట్ల గొడవ మాత్రం ఈ మార్పులతో తీరలేదు. ప్రింటింగ్ ప్రెస్‌లలో, ఫ్లెక్సీ షాపుల్లో పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఇంకా నడుస్తోంది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్, దానికి యూనికోడ్ రాదు. అనూలో టైప్ చేసిన మ్యాటర్ నిజానికి ఇంగ్లీషు పట్టికలోని అక్షరాలే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారు. నోట్‌ప్యాడ్‌లో పెట్టగానే ఆ తొడుగు ఊడిపోతుంది. ఆపరేటర్లు కన్వర్టర్‌తో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ మారుస్తుంటారు, మధ్యలో నోట్‌ప్యాడే జల్లెడ.

2018లో ఇంకో రెండు మంచి పనులు జరిగాయి. లినక్స్ సర్వర్ల నుంచి వచ్చిన ఫైళ్లు అప్పటిదాకా నోట్‌ప్యాడ్‌లో పేజీలకు పేజీలు ఒకే గీతలా పారేవి, వరుసలు విడేవి కావు. అవి చూడటానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పనిగట్టుకుని వర్డ్‌ప్యాడ్ తెరిచేవాళ్లు. అది పోయింది. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే అక్షరాలు పెద్దవవడం కూడా అప్పుడే వచ్చింది. నలభై దాటిన కళ్లకు, అందులోనూ తెలుగు ఒత్తులు చదవాల్సిన కళ్లకు, ఇది చిన్న విషయమేమీ కాదు. విండోస్ 11 నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ జెడ్ ఎన్నిసార్లు కొడితే అన్ని అడుగులు వెనక్కి వెళుతుంది. ఒక ప్రోగ్రామ్‌కి ఇది రావడానికి మూడున్నర దశాబ్దాలు పట్టిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంతవరకు వచ్చిన మార్పులన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవేవీ నోట్‌ప్యాడ్‌కు కొత్త పని అప్పజెప్పలేదు. ఉన్న పనిని నమ్మకంగా చేయించాయి.

2023లో ట్యాబులు వచ్చాయి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే వేరే ఎడిటర్ వాడేవాళ్లు దీన్ని చూసి పెదవి విరిచారు, వాళ్లకు 2003 నుంచీ ఉన్నవే. ట్యాబుల వెనకాలే అసలు మార్పు వచ్చింది. కిటికీ మూసేస్తే 'సేవ్ చేయమంటారా' అని అడగడం మానేసింది. మళ్లీ తెరిస్తే, పేరు కూడా పెట్టని చిత్తు రాతలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. యూజర్ ఫోల్డర్‌లో లోతుగా ఎక్కడో 'ట్యాబ్‌స్టేట్' అనే చోట వాటిని దాచుకుంటుంది. విండోస్ తనకు తోచినప్పుడు రీస్టార్ట్ అయ్యే ఈ రోజుల్లో ఇది నిజంగానే హాయి. ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్ అయితే ఇంతకంటే మంచి మార్పు లేదు.

మన దగ్గర కంప్యూటర్ అంటే ఎప్పుడూ ఒక్కరిదే కాదు. నెట్ సెంటర్‌నే తీసుకుందాం. ఒకే విండోస్ లాగిన్ మీద పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎంతమందో వచ్చి కూర్చుంటారు. ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చిన కుర్రాడు రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డ్, ఆధార్ నంబరు నోట్‌ప్యాడ్‌లో కొట్టుకుంటాడు, ఫారమ్‌లోకి ఒక్కొక్కటే కాపీ చేసుకుంటాడు. పని అయ్యాక మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి లేచిపోతాడు. పాత నోట్‌ప్యాడ్ అయితే 'సేవ్ చేయాలా' అని అడిగేది, 'వద్దు' అంటే అంతా పోయేది. ఆ ప్రశ్నే అతనికి కాపలా. ఇప్పుడు అడగదు. తరవాత కూర్చున్న మనిషి నోట్‌ప్యాడ్ తెరిస్తే ముందు మనిషి ఆధార్ నంబరు స్వాగతం పలుకుతుంది. తప్పు ఎవరిదీ కాదు. 'మూసేయడం అంటే పారేయడం' అన్న నలభై ఏళ్ల అలవాటు మీద కంప్యూటర్ మాట మార్చింది, ఆ సంగతి అలవాటున్న మనిషికి గట్టిగా చెప్పలేదు.

దీనికి దారి ఉంది. కుడివైపు పైన పళ్ల చక్రం గుర్తు నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో నోట్‌ప్యాడ్ మొదలైనప్పుడు పాత రాతలు తెరవాలా, కొత్తగా మొదలుపెట్టి పాతవి పారేయాలా అన్న ఎంపిక ఉంటుంది. నెట్ సెంటర్ నడిపేవాళ్లు రెండోది పెట్టుకోవాలి. లేదంటే కిటికీని కాకుండా ట్యాబ్‌ని మూస్తే అడుగుతుంది, అప్పుడు వద్దనొచ్చు.

2024లో స్పెల్లింగ్ దిద్దడం వచ్చింది. ప్రోగ్రామ్ ఫైళ్లలో, లాగ్ ఫైళ్లలో దానంతట అది ఆగి ఉంటుంది, మామూలు టెక్స్ట్‌లో పనిచేస్తుంది. ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాళ్లకు ఉపయోగమే. కానీ తెలుగువాళ్లు రాసే చిత్తులో సగం ఇంగ్లీషు లిపిలో ఉండే తెలుగు. 'రేపు వస్తాను, అన్నయ్యకి చెప్పు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే వరుస వరుసంతా ఎర్రగీతలు. అది చాలదన్నట్టు ఆటోకరెక్ట్ ఉంటే కొన్ని మాటలు ఇంకో మాటలైపోతాయి. ఫోన్‌లో ఇది అలవాటైన బాధే, మెసేజ్ పంపేముందు ఒకసారి చూసుకుంటాం. నోట్‌ప్యాడ్‌లో మాత్రం ఎవరూ చూసుకోరు, ఎందుకంటే అది మనం కొట్టింది మార్చదన్న నమ్మకం. ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు, పాస్‌వర్డులు రాసుకునే చోట ఆటోకరెక్ట్ ఉండటం ప్రమాదకరం. దీన్ని కూడా సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు, ఆపేయడమే మంచిది.

ఆ తరవాతి మార్పు అర్థం కావాలంటే వర్డ్‌ప్యాడ్‌కు ఏమైందో చూడాలి. విండోస్ 95 నుంచి ఉచితంగా వస్తున్న వర్డ్‌ప్యాడ్‌ని ఇక పట్టించుకోబోమని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో తీసేసింది. దాంతో నోట్‌ప్యాడ్‌కీ డబ్బులిచ్చి కొనే వర్డ్‌కీ మధ్య ఖాళీ ఏర్పడింది. రెండు ముక్కలు బోల్డ్ చేసి ఒక అర్జీ రాసుకోవాలంటే ఉచితంగా ఉన్న చిన్న సాధనం పోయింది. 2025లో నోట్‌ప్యాడ్‌కు బోల్డు, ఇటాలిక్, హెడ్డింగులు, జాబితాలు, లింకులు, చివరికి పట్టికలు కూడా చేరడం మొదలైంది ఈ ఖాళీలోనే. పద్ధతి పేరు మార్క్‌డౌన్, 2004 నుంచి ఉన్నదే. నక్షత్రాల మధ్య పెట్టిన మాట బోల్డుగా, ముందు హ్యాష్ గుర్తున్న వరుస హెడ్డింగుగా కనిపిస్తాయి. ఫైల్లో మాత్రం ఉండేది ఆ నక్షత్రాలూ హ్యాష్‌లే, కాబట్టి ఇది ఇంకా సాదా టెక్స్టే అని మైక్రోసాఫ్ట్ సమర్థించుకోవచ్చు. సాంకేతికంగా నిజమే. కానీ కళ్లకు కనపడేదీ ఫైల్లో ఉండేదీ ఒకటి కాకపోవడం నోట్‌ప్యాడ్‌లో ఇదే మొదలు. ఒక గదిలోని సామాన్లు పారేసి, పక్క గదిలోకి మళ్లీ అవే కొనుక్కొచ్చినట్టుంది ఈ వ్యవహారం. వర్డ్‌ప్యాడ్‌ని ఉంచి ఈ నగలన్నీ దానికే పెట్టి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత గుర్తుకొచ్చే ఘట్టం 2026 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ నెల సెక్యూరిటీ అప్‌డేట్లలో నోట్‌ప్యాడ్ లోపం ఒకటి సరిచేశారు. ఎవరో పంపిన మార్క్‌డౌన్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి అందులోని మోసపు లింకుని నొక్కితే, అవతలివాళ్లు బయటి నుంచి ప్రోగ్రామ్ నడిపించగలిగేవాళ్లు. సరిచేశారు, బాగుంది. కానీ పాత నోట్‌ప్యాడ్‌కు ఈ జబ్బు రావడానికి అవకాశమే లేదు, ఎందుకంటే అందులో నొక్కడానికి లింకే లేదు. 'వర్డ్ ఫైలు తెరవకు, ఎక్సెల్ ఫైలు తెరవకు, టెక్స్ట్ ఫైలైతే పరవాలేదు' అని కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్తల్లో చివరి ముక్కని ఇప్పుడు కాస్త ఆలోచించి చెప్పాలి.

ఇక తగుదునమ్మా అని ముందుకొచ్చిన కోపైలట్, మైక్రోసాఫ్ట్ వారి కృత్రిమ మేధ. 2024 చివరి నుంచి ఒకదాని వెంట ఒకటిగా రీరైట్, సమ్మరైజ్, రైట్ అనే బొత్తాలు వచ్చాయి. రాసింది తిరగరాస్తుంది, కుదిస్తుంది, అడిగితే మొత్తం తనే రాస్తుంది. వాడాలంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి, వాడినకొద్దీ క్రెడిట్లు ఖర్చవుతాయి. ఖరీదైన కోపైలట్ ప్లస్ కంప్యూటర్లలో లోపలే నడిచే ఏర్పాటు 2025లో వచ్చింది, అది మొదట ఇంగ్లీషుకే. రాతపనికి కృత్రిమ మేధ పనికిరాదని ఎవరూ అనడం లేదు. ఇంగ్లీషులో సెలవు చీటీ రాయడానికి భయపడే మనిషికి అది పెద్ద అండ. కానీ ఆ మనిషి చేతిలోని ఫోన్‌లో, బ్రౌజర్‌లో, వాట్సాప్‌లో అలాంటి అండలు ఇప్పటికే నాలుగున్నాయి. లాగిన్ లేకుండా, నెట్ లేకుండా, లెక్క లేకుండా నడిచే ఆఖరి కిటికీకి కూడా టోల్‌గేట్ పెట్టాలా అన్నదే ప్రశ్న. దీన్ని కూడా సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. అయితే ఒక్కో కొత్త సదుపాయాన్నీ వెతికి వెతికి ఆపేసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్‌ని సాదా సాఫ్ట్‌వేర్ అనలేం.

ఎందుకిలా జరుగుతోందంటే, ఒక కారణం నోట్‌ప్యాడ్ కాపురం మారడమే. మునుపు అది విండోస్‌లో భాగం, విండోస్ మారినప్పుడే మారేది, అది కూడా బద్ధకంగా. ఇప్పుడది మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి విడిగా అప్‌డేట్ అయ్యే యాప్. దానికంటూ ఒక టీమ్ ఉంటే, ఆ టీమ్ ప్రతి కొన్ని నెలలకూ ఏదో ఒకటి చూపించాలి. 'ఈసారి ఏమీ మార్చలేదు, ఎందుకంటే బాగానే ఉంది' అని ప్రకటన ఇచ్చే కంపెనీ ఇంకా పుట్టలేదు.

పెయింట్‌ది కూడా ఇదే దారి. 2017లో దాన్ని తీసేస్తారన్న వార్త రాగానే జనం గోల పెడితే ఉంచారు, 2023లో దానికి లేయర్లు, పారదర్శకత ఇచ్చారు, ఆ పైన బొమ్మలు గీసే కృత్రిమ మేధ. లేయర్లు నిజంగా పనికొచ్చాయి. మన దగ్గర పెయింట్‌ని ఎక్కువగా వాడేది దరఖాస్తుకి ఫొటో, సంతకం అడిగిన కేబీలకు కుదించడానికి. ఫొటోని ఇన్ని కేబీలకు తగ్గించు అని నేరుగా చెప్పే పెట్టె ఒక్కటుంటే లక్షల మంది దండం పెట్టేవాళ్లు.

కొత్తది వద్దనుకునేవాళ్లకు పాత నోట్‌ప్యాడ్ పూర్తిగా పోలేదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి, అందులో అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్‌లోకి, అక్కడ యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్‌లోకి వెళ్లి నోట్‌ప్యాడ్ ఎదురుగా ఉన్న మీట ఆపేస్తే, రన్‌లో పేరు కొట్టినప్పుడు పాతదే తెరుచుకుంటుంది. చిన్న ప్రోగ్రామ్. ఇంకో తమాషా: ఒకవైపు నోట్‌ప్యాడ్‌కు నగలు పెడుతూనే, 2025 మేలో మైక్రోసాఫ్ట్ 'ఎడిట్' అనే కొత్త ఎడిటర్‌ని, సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టింది. నల్ల తెర మీద నడుస్తుంది, 250 కేబీ కూడా ఉండదు, బోల్డు లేదు, కోపైలట్ లేదు. సాదా ఎడిటర్ అవసరం ఉందని వాళ్లకూ తెలుసన్నమాట.

తెలుగు వైపు నుంచి చూస్తే చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. పాత నోట్‌ప్యాడ్‌లో కుడి క్లిక్ చేస్తే యూనికోడ్ కంట్రోల్ అక్షరాలు చొప్పించే మెనూ ఉండేది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట కింద వ ఒత్తుగా దిగిపోయి 'సాఫ్ట్వేర్' కాకుండా ఆపేది అందులోని ఒక కనపడని అక్షరమే. పొల్లులతో ముగిసే ఇంగ్లీషు మాటలు ఇన్ని వాడే భాషలో దాన్ని మెనూ లోపలి మెనూలో వెతుక్కోవాల్సి రావడం ఏమిటి? కింద పట్టీలో అక్షరాల లెక్క 2024లో చేరింది. 'తెలుగు' అని కొట్టి చూస్తే ఆరు అంటుంది. 'స్త్రీ' అని కొట్టినా ఆరే అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. మన కంటికి మొదటిది మూడక్షరాలు, రెండోది ఒక్కటే. పత్రికకు ఇన్ని అక్షరాల్లో రాసివ్వమంటే ఈ లెక్క దేనికీ కొరగాదు. 'స్త్రీ' చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ముందు ఈత్వం పోతుంది. ఇంకోసారి నొక్కితే రకారం పోయి, దాని పొల్లు తకారానికి అంటుకుని వేలాడుతుంది. మాట మొత్తం పోవాలంటే ఆరుసార్లు నొక్కాలి. అదే మాట ముందు కర్సర్ పెట్టి డిలీట్ నొక్కితే, ఒక్కసారికే మొత్తం పోతుంది.